ఆ ఒక్క గీత సరిపోదు: తెలుగులో గ్రాఫిక్స్ కార్డులు పరీక్షించే మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

గుంటూరు అరండల్‌పేటలో నాకొక చిన్న షాపు ఉంది. పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను, రిపేర్లు చూస్తున్నాను. కంప్యూటర్లో గేము బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డులు తెచ్చి గేముల్లో పరీక్షించి తెలుగులో వీడియోలు పెట్టే మీ అందరికీ ఈ ఉత్తరం. పెద్ద ఛానలా, చిన్న ఛానలా అన్న తేడా లేదు. రాత్రి షట్టర్ దించాక మీలో చాలామంది వీడియోలు చూస్తాను. మీ పని మీద గౌరవం ఉంది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాయాలనిపించింది.

మా షాపుకి వచ్చే కుర్రాళ్ళు "అన్నా, ఏ కార్డు బాగుంటుంది?" అని అడగడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఫోన్ తీసి, మీ వీడియో ఒకచోట ఆపి చూపిస్తారు. తెర మీద అడ్డగీతలు, వాటి చివర అంకెలు: ఒక్కో కార్డు సెకనుకి సగటున ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు, చూపిస్తుందో ఆ లెక్క (ఎఫ్‌పీఎస్). "ఇది 78 వస్తోంది, అది 71. నాకు ఇదే కావాలన్నా" అంటారు. ఆ ఏడు ఫ్రేముల కోసం ఇంకో రెండు మూడు వేలకి ఇంట్లో బతిమాలి ఒప్పించుకుని వస్తారు. మీరు గీసే ఆ ఒక్క గీత మీద ఒక ఇంటి డబ్బు కదులుతోంది. ఆ గీత ఎలా వచ్చిందో చెప్పమని, అది చెప్పని సంగతులు కూడా చూపించమని అడగడానికే ఈ ఉత్తరం.

మొన్న ఏప్రిల్‌లో ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రి మిర్చి యార్డులో గుమాస్తా. కొడుకు పాలిటెక్నిక్ రెండో ఏడు. కార్డు మా దగ్గర కొన్నది కాదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. బిల్లు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని తెచ్చారాయన. "కొత్త కార్డు బాబూ. గేము ఆగి ఆగి వస్తోందంటున్నాడు. నకిలీది అంటగట్టారేమో కాస్త చూడండి" అన్నారు. కుర్రాడు తలెత్తలేదు. తాను ఏ వీడియో చూసి కార్డు కొన్నాడో అది మాత్రం నాకు చూపించాడు. అదే గేము, అవే సెట్టింగులు, సగటు 70కి దగ్గరగా ఉంది.

కార్డు అసలుదే. జీపీయూ-జెడ్‌లో (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) చూశాను, బయోస్, అంటే కార్డు లోపలి ప్రోగ్రాం, కూడా సరిగ్గానే ఉంది. గేము పెట్టి ఆడించాను. మూలన కనపడే ఎఫ్‌పీఎస్ అంకె 65 చుట్టూ తిరుగుతోంది. వీడియోకీ దీనికీ పెద్ద తేడా లేదు. కానీ వీధి మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం పట్టేసి వదులుతోంది. రికార్డు చేసి చూస్తే ఎక్కువ ఫ్రేములు పద్నాలుగు, పదిహేను మిల్లీసెకన్లలో వస్తున్నాయి. మధ్యమధ్యలో ఒక్కోటి వంద మిల్లీసెకన్లకి దగ్గరగా పోతోంది. కార్డు మెమరీ నిండిపోయి, పొంగినదంతా సిస్టం ర్యామ్‌లోకి పోతోంది. మదర్‌బోర్డు పాతది, కార్డు గుచ్చే స్లాటు వేగం తక్కువ. అందుకే అక్కడ ఇరుక్కుంటోంది. టెక్స్చర్లు (గోడలు, బట్టల మీద కనపడే నగిషీ) ఒక మెట్టు తగ్గించాక ఆ పట్టేయడం పోయింది. కుర్రాడి ముఖం తేటపడింది. తండ్రి మాత్రం ఒకే మాట అడిగారు: "మరి ఈ సంగతి ఆ వీడియోలో చెప్పలేదా?"

నేనేం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న మీది కాబట్టి మీకు అందజేస్తున్నాను.

సగటు అంకె అబద్ధం కాదు. అది చెప్పేది తక్కువ, అంతే. ఒక లెక్క చూడండి. ఒక సెకనులో 59 ఫ్రేములు పది పది మిల్లీసెకన్లలో వచ్చాయి, మిగిలిన ఒక్క ఫ్రేముకి 410 మిల్లీసెకన్లు పట్టింది. కలిపితే సరిగ్గా 1000. సగటు 60 ఎఫ్‌పీఎస్. ఆడేవాడికి మాత్రం దాదాపు అర సెకను పాటు తెర చచ్చిపోయింది, ఈలోపు ఎదుటివాడు కాల్చేశాడు. పక్క కార్డులో ప్రతి ఫ్రేమూ 16.7 మిల్లీసెకన్లకి తప్పకుండా వచ్చింది. దాని సగటూ 60 ఎఫ్‌పీఎస్సే. మీ వీడియోలో రెండు గీతలూ ఒకే పొడుగుంటాయి. మా పల్నాడు రైతుకి ఈ సంగతి వివరించనక్కర్లేదు. సీజన్ మొత్తం మీద వర్షపాతం సాధారణమే అని పేపర్లో వేస్తారు. మొక్క నిలదొక్కుకునే వేళకి ఇరవై రోజులు చినుకు పడకపోతే, చివర్లో ఒకేసారి కుమ్మరించిన వాన లెక్కలోకి వస్తుందే తప్ప చేలోకి రాదు.

ఇది నేను కనిపెట్టిన విషయం కాదు. 2011 సెప్టెంబరులో ది టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ అనే ఆయన సెకను లోపల ఏం జరుగుతోందో చూడాలని రాశారు. అప్పటిదాకా అందరూ సెకనుకి ఎన్ని ఫ్రేములు అనే లెక్కతోనే సరిపెట్టుకునేవారు. ఆయన ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు పట్టిందో గీత గీసి చూపించారు. 2013లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా ఎఫ్‌క్యాట్ అనే పద్ధతి బయటపెట్టింది. ప్రతి ఫ్రేము అంచున ఒక రంగు పట్టీ వేసి, మానిటర్‌కి వెళ్ళే సిగ్నల్‌నే రికార్డు చేసి, తెర మీదకి నిజంగా ఏం వచ్చిందో కొలిచే పద్ధతి అది. ఏఎండీ కార్డులు రెండు జత చేసి ఆడినప్పుడు కొన్ని ఫ్రేములు తెర మీద కొన్ని గీతలంత సన్నగా కనపడి పోతున్నాయని, ఎఫ్‌పీఎస్ లెక్కలో మాత్రం అవి పూర్తి ఫ్రేములుగా చేరుతున్నాయని అప్పుడు తేలింది. ఆ సాధనం ఇచ్చింది పోటీ కంపెనీ. అది గుర్తు పెట్టుకోవాల్సిందే. అయినా లోపం నిజమే కాబట్టి ఏఎండీ అదే ఏడాది ఆగస్టులో ఫ్రేముల నడక సరిచేసే డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) విడుదల చేసింది. సరిగ్గా కొలిచారు కాబట్టి కొన్నవాళ్ళకి మేలు జరిగింది.

ఇవాళ అంత ఖరీదైన పరికరాలు కూడా అక్కర్లేదు. ఇంటెల్ వాళ్ళ ప్రెజెంట్‌మాన్ ఉచితం, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ ఉచితం. ఆ రెంటిలో ఏదైనా ప్రతి ఫ్రేమునీ లెక్క రాసి పెడుతుంది. మీలో కొందరు ఇప్పటికే ‘వన్ పర్సెంట్ లో’ అనే అంకె (అన్నిటికంటే నెమ్మదైన ఫ్రేముల లెక్క) చూపిస్తున్నారు, సంతోషం. ఒక్క మాట. ఆ అంకెని అందరూ ఒకేలా లెక్కకట్టరు. కొన్ని సాఫ్ట్‌వేర్లు అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల సగటు తీస్తాయి. కొన్ని ఆ ఒక శాతం ఎక్కడ మొదలవుతుందో ఆ గీటు దగ్గర అంకె ఇస్తాయి. రెంటికీ తేడా ఉంటుంది. మీరు ఏది వాడారో ఒక ముక్క చెప్పండి. చేతనైతే ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయం) గీతే పది సెకన్లు తెర మీద ఉంచండి. ఈసీజీ కాగితం లాంటిదది. లెక్కలు రానివాళ్ళకి కూడా ఎక్కడ ఎగిరిందో కళ్ళకి కనపడుతుంది.

ఇక గేములో ఎక్కడ పరీక్షిస్తున్నారు అన్నది. చాలా గేముల్లో లోపలే ఒక బెంచ్‌మార్క్ ఉంటుంది. కెమెరా తనంతట తాను తిరిగి చివర ఒక అంకె ఇస్తుంది. ప్రతిసారీ ఒకేలా నడుస్తుంది కాబట్టి కార్డుకీ కార్డుకీ పోలిక తేలిక, మీ టైమ్ కలిసొస్తుంది. తప్పేం లేదు. కానీ మేము ఆడేది ఆ కెమెరా తిరిగిన దారిలో కాదు కదా. బాల్డర్స్ గేట్ 3 మొదటి అధ్యాయంలో హాయిగా పరిగెత్తే సిస్టం మూడో అధ్యాయంలో నగరంలోకి అడుగుపెట్టగానే రొప్పుతుంది. విచర్ 3లో నోవిగ్రాడ్ సంత, సైబర్‌పంక్ 2077లో డాగ్‌టౌన్ కూడా అలాంటివే. గేమంతా ఆడకపోయినా బరువైన చోటు ఏదో కనుక్కుని అక్కడ ఒక నిమిషం నడిచి కొలవండి. మూడుసార్లు నడవండి. మొదటిసారి షేడర్లు (వెలుగు నీడలు లెక్కకట్టే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ ఉంటే వచ్చే కుదుపులు వేరు, తర్వాత కూడా వదలని కుదుపులు వేరు. ఆ రెండూ విడదీసి చెబితే, "కొత్త గేము మొదటి గంట ఇలాగే ఉంటుంది, కంగారు పడకు" అని నేను మా కుర్రాళ్ళకి ధైర్యంగా చెప్పగలను. షాపుకి వచ్చే ఫిర్యాదుల్లో సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ప్రాసెసర్ సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడ మిమ్మల్ని అనవసరంగా తిట్టేవాళ్ళు ఉన్నారు. "లక్షల సిస్టంలో పెట్టి చూపిస్తే మాకేం లాభం?" అని కామెంట్లు పెడతారు. కార్డు అసలు బలం ఎంతో తెలియాలంటే ప్రాసెసర్ అడ్డు రాకూడదు. అందుకని అన్నిటికంటే వేగమైన ప్రాసెసర్‌తో పరీక్షించడమే సరైన పద్ధతి. రైజన్ 7 9800ఎక్స్3డీ మీద పరీక్షించారని మిమ్మల్ని నేను తప్పు పట్టను. దాంతోనే ఆపేస్తే మాత్రం కొనేవాడి ప్రశ్నకి సగమే జవాబు దొరుకుతుంది.

ఇంటెల్ ఆర్క్ బీ580 విషయంలో జరిగింది అదే. 2024 డిసెంబరులో 249 డాలర్ల ధరకి, 12 జీబీ మెమరీతో వచ్చింది. పరీక్షలు దాదాపు అన్నీ పెద్ద ప్రాసెసర్ల మీద జరిగాయి. తక్కువ డబ్బులో మంచి కార్డు వచ్చిందని ప్రపంచమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. 2025 జనవరిలో కొంతమంది పరీక్షకులు అదే కార్డుని రైజన్ 5 2600, 5600 లాంటి ప్రాసెసర్లతో జతచేసి చూశారు. కొన్ని గేముల్లో బాగా వెనకబడిపోయింది. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద వేసే బరువు ఎక్కువ. పెద్ద ప్రాసెసర్ ఆ బరువుని అవలీలగా మోసింది కాబట్టి పైకి తెలియలేదు. పైగా ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే ఏర్పాటు) ఆన్ చేసి ఉండాలి, పాత బోర్డుల్లో అది బయోస్‌లో వెతుక్కోవాలి, కొన్నిట్లో ఉండదు. తక్కువ ధర కార్డు కొనేది ఎవరు? పాత సిస్టం ఉన్నవాడే. ఎవరి కోసం తయారైందో వాళ్ళ ఇంట్లో అది ఎలా నడుస్తుందో చెప్పడానికి ఒక నెల పట్టింది. ఆ నెలలో కొన్నవాళ్ళు కొనేశారు.

స్లాటు కథ కూడా ఇలాంటిదే. 2022 జనవరిలో ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వచ్చింది. 4 జీబీ మెమరీ, బోర్డుకి కలిపే పీసీఐఈ 4.0 దారిలో నాలుగంటే నాలుగు లేన్లు. కొత్త బోర్డు మీద పరవాలేదు. పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే ఆ నాలుగు లేన్ల దారి కూడా సగానికి సగం ఇరుకవుతుంది. మెమరీ నిండిందంటే గేము కుంటుతుంది. మా ఊళ్ళో ఇంకా ఇళ్ళలో నడుస్తున్నవి ఎక్కువగా బీ450, హెచ్410 బోర్డులు. అవన్నీ 3.0వే. చాలామంది ర్యామ్ కూడా ఒకే స్టిక్ వేయించుకుంటారు, "తర్వాత ఇంకోటి వేయిద్దాంలే అన్నా" అని. ఆ తర్వాత ఎప్పటికో గాని రాదు. కాబట్టి ప్రతి బడ్జెట్ కార్డుకీ పది గేములు అక్కర్లేదు, రెండు మూడు గేములు చాలు, ఒక పాత సిస్టం మీద కూడా చూపించండి. మీ దగ్గర పాత సిస్టం లేకపోతే దాని గురించి ఉత్తరం చివర ఒక మాట చెబుతాను.

మెమరీ గురించి ఇంకో సంగతి. కొన్ని గేముల్లో కార్డు మెమరీ చాలకపోతే కుదుపులు రావు. ఎఫ్‌పీఎస్ గీత పొడుగు తగ్గదు. ఆ గేములు చడీచప్పుడు లేకుండా టెక్స్చర్ల నాణ్యత తగ్గించేస్తాయి. 2023లో వచ్చిన హాగ్వార్ట్స్ లెగసీలో 8 జీబీ కార్డుల మీద గోడలు, బట్టలు మైనపు ముద్దల్లా కనపడటం చాలామంది చూపించారు. అంకెలు చూస్తే రెండు కార్డులూ సమానం, బొమ్మ చూస్తే ఒకటి హై, ఇంకోటి లో. కాబట్టి గీతలు గీసే ముందు మీ కళ్ళతో బొమ్మ చూడండి, అక్కడక్కడా ఆపి పక్కపక్కన పెట్టి మాకూ చూపించండి. ఐదు నిమిషాల పరుగులో ఇది బయటపడదు. అరగంట ఆడాక, రెండు మూడు ప్రాంతాలు తిరిగాక బయటపడుతుంది.

ఇప్పుడు ఎండ. ఈ విషయంలో తెలుగు పరీక్షకులు తప్ప ఇంకెవరూ మాకు సాయం చేయలేరు, అందుకే గట్టిగా అడుగుతున్నాను. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పరీక్షించేవాళ్ళు 20, 22 డిగ్రీల ఏసీ గదిలో కొలుస్తారు. వాళ్ళ ప్రేక్షకులకి అది చాలు. మే నెలలో మా రెంటచింతలలో బయట 45 దాటితే, రేకుల గదిలోనో డాబా మీద గదిలోనో ఫ్యాన్ కింద కూర్చుని ఆడే కుర్రాడి కేబినెట్ ముందు 38, 40 డిగ్రీల గాలి ఉంటుంది. కార్డు చల్లబడేది ఆ గాలితోనే. ఫ్యాన్ వేగం, కరెంటు వాడకం అవే ఉంటే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 22 డిగ్రీల గదిలో 66 చూపిన కార్డు 38 డిగ్రీల గదిలో 82 దగ్గరికి పోవాలి. అక్కడిదాకా పోకుండా ఫ్యాన్లు గోలపెట్టి తిరుగుతాయి. అవీ చాలకపోతే కార్డు తన క్లాక్ వేగాన్ని మెట్టు మెట్టుగా తగ్గించుకుంటుంది. అది దాన్ని కాపాడుకునే ఏర్పాటు, లోపం కాదు. కానీ వీడియోలో చూసిన ఎఫ్‌పీఎస్ ఇంట్లో ఎందుకు రావట్లేదో కొన్నవాడికి అర్థం కాదు.

మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా నా బల్ల మీద ఉండే పని ఇదే. దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్ మార్చడం, కేబినెట్ ముందు గాజు పలక తీసి జాలీది పెట్టించడం. చాలా కేసుల్లో కార్డుకి ఏ రోగమూ ఉండదు. గాలి ఆడట్లేదు, అంతే.

అందుకని మీరు చేయవలసింది పెద్ద పని కాదు. ఒక మామూలు థర్మామీటర్ కేబినెట్ ముందు పెట్టి, గది ఎన్ని డిగ్రీలుందో తెర మీద రాయండి. అది తెలిస్తే మిగతా లెక్క మేము వేసుకుంటాం. బల్ల మీద విప్పి పరిచిన సిస్టంతో కాకుండా మూత బిగించిన కేబినెట్‌లో అరగంట నడిపాక కొలవండి. ఏడాదికి ఒక్కసారి, నడి వేసవిలో, ఏసీ కట్టేసి ఒక వీడియో చేయండి. మీకు చెమటలు పడతాయి, నాకు తెలుసు. మూడు కార్డులు పెట్టి ఏది నిలబడింది, ఏది గోల చేసింది, ఏది వేగం తగ్గించుకుంది అని చూపిస్తే చాలు. ఆ వీడియోని నేను షాపులో టీవీలో వేసి పెడతాను.

ఫ్రేమ్ జనరేషన్, అంటే కార్డు తానే మధ్య ఫ్రేములు కల్పించడం, గురించి చెప్పకుండా ఉండలేను. 2025 జనవరిలో ఎన్‌విడియా అధినేత జెన్సన్ హువాంగ్ వేదిక మీద నిలబడి, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070కి పాత తరంలో అన్నిటికంటే పెద్ద కార్డు ఆర్‌టీఎక్స్ 4090 అంత వేగం ఉందన్నారు. మర్నాడే మా షాపుకి నలుగురు వచ్చి ఆ కార్డు ఎప్పుడొస్తుందని అడిగారు. ఆ పోలికలో కొత్త కార్డు ఒక అసలు ఫ్రేముకి మూడు ఫ్రేముల దాకా తానే కల్పించి మధ్యలో దూరుస్తోంది. పాత కార్డు ఒక్క ఫ్రేమే కల్పించగలదు. అలా దూర్చిన ఫ్రేములు కళ్ళకి నునుపుగా ఉంటాయి, అనుమానం లేదు. మౌస్ కదిపినప్పుడు స్పందించేవి మాత్రం అసలు ఫ్రేములే. అసలు ఫ్రేములు 30 వస్తూ తెర మీద 120 కనపడితే చేతికి తెలిసేది 30యే. పైగా మధ్య ఫ్రేము కల్పించాలంటే తర్వాతి అసలు ఫ్రేము వచ్చేదాకా ఆగాలి కాబట్టి స్పందన ఇంకాస్త ఆలస్యమవుతుంది. కథ నడిచే గేములు ఆడేవాళ్ళకి అది బాగానే ఉపయోగపడుతుంది, నేను కాదనను. వాలరెంట్, సీఎస్2 లాంటి పోటీ షూటింగ్ గేములు ఆడేవాడికి అక్కరకు రాదు. కాబట్టి ఆ అంకెలని ఎప్పుడూ వేరే గీతలుగా, వేరే రంగులో, అసలు ఎఫ్‌పీఎస్ ఎంతో పక్కనే రాసి చూపించండి. అప్‌స్కేలింగ్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపడం) కూడా అంతే. ఆ పని చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ ఏ మోడ్‌లో ఉందో రాయకుండా "1440పీలో ఇంత వస్తోంది" అంటే, లోపల తయారవుతున్న బొమ్మ అంతకంటే చాలా చిన్నదని చూసేవాడికి తెలియదు.

ఇక్కడ కొంచెం ఇబ్బందికరమైన విషయానికి వస్తున్నాను. కంపెనీల దగ్గర నుంచి మీకు కార్డులు రావడం తప్పని నేను అనుకోను. కొనుక్కుని పరీక్షించే స్తోమత అందరికీ ఉండదు. షరతుల సంగతి మాత్రం వేరు. 2025 మే నెలలో ఆర్‌టీఎక్స్ 5060 విడుదలైనప్పుడు అమ్మకాలు మొదలయ్యే రోజుదాకా చాలామంది పరీక్షకులకి డ్రైవర్ అందలేదు. కొందరికి ముందుగా ఇచ్చారని, అయితే ఏ గేములు, ఏ సెట్టింగులు, దేనితో పోల్చాలి అన్నది కంపెనీయే చెప్పిందని వార్తలొచ్చాయి. అంతకు ముందు నెలలో 5060 టీఐ వచ్చినప్పుడు 16 జీబీది పరీక్షకులకి పంపారు, 8 జీబీది దాదాపుగా ఎవరికీ పంపలేదు. పేరు ఒకటే, పెట్టె ఒకటే. పరీక్షకి వెళ్ళింది ఒకటి, తక్కువ ధరకి జనం చేతికి వచ్చేది ఇంకొకటి.

ఇలాంటివి కొత్తేం కాదు. 2001లో ఏటీఐ రేడియాన్ 8500 డ్రైవర్ క్వేక్ 3 అనే గేము పేరు గుర్తుపట్టి, టెక్స్చర్ల నాణ్యత తగ్గించి వేగం పెంచి చూపించేది. హార్డ్ఓసీపీ వెబ్‌సైట్ వాళ్ళు గేము ఫైలు పేరు మార్చి క్వాక్ అని పెట్టగానే ఆ అదనపు వేగం పోయింది. 2003లో 3డీమార్క్03 పరీక్షలో కెమెరా ఏ దారిన పోతుందో ముందే తెలుసు కాబట్టి, కంటికి కనపడని భాగం గీయకుండా వదిలేసేలా ఎన్‌విడియా డ్రైవర్ ఉందని ఆ పరీక్ష తయారుచేసిన ఫ్యూచర్‌మార్కే బయటపెట్టింది. ఆ రెండుసార్లూ జనానికి నిజం తెలిసింది, కంపెనీ చెప్పిన దారిలో కాకుండా పక్కకి అడుగేసి చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టే. తెలుగులో ఆ పక్కకి అడుగేసేవాళ్ళు మీరే కావాలి. కార్డు ఎవరిచ్చారు, తిరిగివ్వాలా, ఏమైనా చెప్పారా అన్నది వీడియో మొదట్లోనే పదిహేను సెకన్లలో చెప్పండి. ఎవరూ మిమ్మల్ని చిన్నచూపు చూడరు. నిజానికి నమ్మకం పెరుగుతుంది. మొదటి రోజు వీడియో పెట్టలేకపోతే వారం తర్వాత పెట్టండి. మా దగ్గర కొనేవాళ్ళలో మొదటి రోజే కొనేవాళ్ళు చాలా తక్కువ. జీతం పడాలి, పంట డబ్బు రావాలి, పండగ రావాలి.

పేర్ల గందరగోళం గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసిందే. జీటీ 1030 అని ఒకే పేరుతో జీడీడీఆర్5 మెమరీది, డీడీఆర్4 మెమరీది రెండూ అమ్మారు. మొదటిదాని మెమరీ వేగం సెకనుకి 48 జీబీ, రెండోదానిది 16.8. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీదానికి 2560 కోర్లు, 2024లో వచ్చిన 6 జీబీదానికి 2304. మెమరీ ఒక్కటే తగ్గిందనుకుని కొంటారు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060 కంపెనీని బట్టి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉండొచ్చు. 35 వాట్లదానికీ 115 వాట్లదానికీ స్టిక్కర్ అదే. మీరు "4060 ల్యాప్‌టాప్ టెస్ట్" అన్నప్పుడు ఎన్ని వాట్లదో చెప్పకపోతే ఆ వీడియో ఆ ఒక్క మోడల్‌కి తప్ప ఎవరికీ పనికిరాదు.

ఇవన్నీ ఇంగ్లిష్ ఛానళ్ళలో దొరుకుతాయి కదా అని మీలో ఎవరైనా అనొచ్చు. కొన్ని దొరుకుతాయి. కానీ ఆ మిర్చి యార్డు గుమాస్తాగారు ఇంగ్లిష్ వీడియో చూడరు. కొడుకు పక్కన కూర్చుని మీ వీడియోనే చూశారు. "వీళ్ళు మన భాషలో చెబుతున్నారు, ఆర్డరు పెట్టుకోరా" అని కొడుక్కి డబ్బు తీసిచ్చారు. మన భాషలో చెప్పినందుకే వచ్చిన నమ్మకం అది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) సరుకు కోసం వెళ్ళినప్పుడు అక్కడి షాపుల్లో కూడా ఇదే చూస్తున్నాను. కౌంటర్ దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులు సేల్స్‌మన్ మాట కంటే ఫోన్‌లో తెలుగు గొంతునే ఎక్కువ నమ్ముతున్నారు.

పాత సిస్టం గురించి చెబుతానన్నాను. నా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి ఐ5 10400, హెచ్410 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్. రెండోది రైజన్ 5 3600, బీ450 బోర్డు, 8 జీబీవి రెండు స్టిక్‌లు. రెండూ శుభ్రం చేసి, పేస్ట్ మార్చి, బయోస్ అప్‌డేట్ చేసి పెట్టాను. మా జిల్లాలో ఇళ్ళలో ఉన్న సిస్టంలకి ఇవి నమూనా లాంటివి. మీలో ఎవరికి కావాలన్నా పెట్టెలో భద్రంగా సర్ది పంపిస్తాను, రవాణా ఖర్చు నాదే. నెలరోజులు ఉంచుకోండి. మీ పని అయ్యాక తిరిగి నాకు పంపనక్కర్లేదు, ఇంకో ఛానల్ చేసే మిత్రుడు అడిగితే నేరుగా వాళ్ళకే పంపేయండి. ముందుగా ఆ పాలిటెక్నిక్ కుర్రాడి కార్డు ఏ మోడలో దానితో మొదలుపెట్టాలని నా కోరిక. ఫోన్ చేస్తే చెబుతాను.

ఇట్లు,
ఒక సిస్టం అసెంబ్లర్,
అరండల్‌పేట, గుంటూరు